వానపాముల పెట్టె: వదినా మరుదుల సంవాదం

వంటింటి తడి చెత్తను వానపాములకు మేతగా వేసి, అవి విసర్జించినదాన్ని మొక్కలకు ఎరువుగా వాడుకోవడమే వర్మీకంపోస్టు. రైతులు దీన్ని నీడ పందిళ్ల కింద, సిమెంటు తొట్లలో టన్నుల లెక్కన తయారుచేస్తారు. ఇంటి మట్టుకు వెడల్పాటి ప్లాస్టిక్ క్రేటు, తట్టెడు చివికిన పేడ, పావుకిలో వానపాములు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. సామాను తక్కువే గానీ, ఈ పని గురించి తప్పుడు అంచనాలు మాత్రం చాలా ఉన్నాయి. ఇంట్లో పుట్టే చెత్తంతా ఆ పెట్టె మింగేస్తుందన్నది వాటిలో మొదటిది.

కింది సంవాదంలో వదిన రాజమహేంద్రవరంలో మిద్దె తోట పెంచుతుంది, పెట్టె పెట్టాలంటుంది. మరిది శేఖర్ హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి; వద్దంటాడు. అతని అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు.

మరిది: చెత్త ఇంట్లోంచి బయటికి పోవాలి వదినా. మీరేమో దాన్ని బాల్కనీలో దాచి, పైగా పురుగుల్ని కూడా తెచ్చి పెట్టుకోమంటున్నారు. పొద్దున్నే బండి వస్తోంది. తడిది వేరు, పొడిది వేరు చేసి ఇస్తున్నాం. దాన్ని ఒకచోట చేర్చి ఏదో ఒకటి చేయడం కార్పొరేషన్ పని. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో చూడండి, రోజుకు 10 టన్నుల చెత్తతో 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారు. అంత పెద్ద యంత్రం ఉండగా గడప గడపకీ ఒక పురుగుల డబ్బా ఎందుకు?

వదిన: బోయినపల్లిలో ఉన్నది కూరగాయల చెత్తయ్యా. ఒక్కచోటే పడుతుంది, అందులో ప్లాస్టిక్ కలవదు. మీ బండిలో మాత్రం ఒకరి డైపరూ, ఒకరి పాల ప్యాకెట్లూ కూడా అందులోనే పడతాయి. నువ్వొక్కడివి వేరు చేసిస్తే సరిపోయిందా? పక్కింటాయన చేయొద్దూ?

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్తను పుట్టిన చోటే విడదీయాలని చెప్పాయి. విడదీసిన తడి చెత్త బోయినపల్లిలో ఉన్నలాంటి గ్యాసు ప్లాంటుకు చేరితే అది మంచి ఉపయోగమే. పొడి చెత్తతో కలిసిపోయి డంపింగ్ యార్డుకు చేరితే, గాలి అందని అడుగు పొరల్లో కుళ్లి మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. నగరం చేయాల్సిన పనిని ఒక ఇంటి పెట్టె చేయలేదు. మరిది వాదంలో గట్టి అంశం ఇదే. వదిన కూడా నగరం సంగతి తేల్చడానికి పూనుకోలేదు. ఆమెకు కావాల్సింది కుండీల్లోకి ఎరువు.

మరిది: ఎరువే కావాలనుకుందాం. కుప్ప పోసి వదిలేస్తే తనంతట తానే కుళ్లుతుందిగా. మా తాతగారింట్లో పెంట దిబ్బ ఉండేది, అందులో ఎవరూ వానపాముల్ని కొని వేయలేదు.

వదిన: ఆ దిబ్బ ఎంతుండేది? నడుమెత్తు. నీ బాల్కనీలో పడేది రోజుకు ఒక గిన్నెడు.

పెట్టెకు అసలు సమర్థన ఇక్కడే ఉంది. కుప్పగా పోసిన పచ్చి చెత్తలో సూక్ష్మజీవులు పనిచేస్తే వేడి పుడుతుంది. ఆ వేడి లోపలే నిలవాలంటే కుప్ప సుమారు ఒక ఘనపు మీటరైనా ఉండాలి. అప్పుడు లోపలి వేడి 55 డిగ్రీలు దాటి, కలుపు గింజలూ రోగక్రిములూ చస్తాయి. నలుగురున్న ఇంట్లో రోజుకు వచ్చే అరకిలో, ముప్పావుకిలో చెత్తతో అలాంటి కుప్ప ఎన్నటికీ లేవదు. పుట్టిన కాస్త వేడీ అంచుల నుంచి పోతుంది. చెత్త ముద్దకట్టి, గాలాడక పులిసిన వాసన వేస్తుంది. ఇంత తక్కువ చెత్తను ఎవరో ఒకరు నిత్యం తిరగేస్తూ, గాలి తగిలేలా చూడాలి. ఆ పనిని వానపాములు చేస్తాయి. అవి తినేది కూడా నేరుగా బీరకాయ చెక్కును కాదు. దాని మీద పెరిగే బాక్టీరియాను, బూజును, వాటివల్ల మెత్తబడిన పదార్థాన్ని తింటాయి. వాటికి పళ్లు ఉండవు. మింగిన ఇసుక రేణువుల సాయంతో కండగల పొట్టలో నూరుకుంటాయి. అందుకే పెట్టెలో కొద్దిగా మట్టి లేదా గుడ్డు పెంకుల పొడి ఉండాలంటారు. పెరట్లో స్థలముండి, ఆకులూ కొమ్మలూ బాగా పడే ఇంటివాళ్లకైతే మరిది చెప్పిన కుప్పే మేలు.

మరిది: సరే, వానపాములే కావాలంటే వానాకాలంలో పార్కులో బోలెడు. తవ్వుకొస్తే పోదా? డార్విన్ కూడా వానపాముల మీద పుస్తకం రాశాడుగా.

వదిన: రాశాడు, 1881లో. ఎకరం నేలలో ఏడాదికి 10 టన్నుల పైచిలుకు మట్టి వాటి ఒంట్లోంచి వెళ్లి పైకొస్తుందని లెక్క కట్టాడు. అవి నేలలో ఉండే రకాలు. పెట్టెలో వేస్తే బతకవు.

వానపాముల గురించి మాట్లాడే ప్రతిచోటా డార్విన్ లెక్క చెప్పడం ఆనవాయితీ అయింది. పెట్టెకు మాత్రం ఆ లెక్కతో సంబంధం లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెల్ బూషే 1970లలో వానపాములను నివాసాన్ని బట్టి మూడు తరగతులు చేశాడు. నేల పైన ఆకుల చెత్తలో, పేడలో బతికేవి ఒక తరగతి. మట్టిలో అడ్డంగా బొరియలు చేస్తూ మట్టినే తినేవి రెండోది. లోతుగా నిలువు బొరియలు చేసి, రాత్రిపూట పైకొచ్చి ఆకులను లోపలికి లాక్కునేవి మూడోది. పెట్టెకు పనికొచ్చేవి మొదటి తరగతివే. మన పొలాల్లో కనిపించే లాంపిటో మారిటీ వంటి నేల రకాలకు మట్టి కావాలి, లోతు కావాలి. పార్కులో తవ్విన వానపాముల్ని క్రేటులో వేస్తే కొద్ది రోజుల్లో అవి చస్తాయి, లేదా పారిపోతాయి.

దక్షిణ భారతంలో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు. ఐసీనియా ఫెటిడా ఎర్రగా, అడ్డ చారలతో సన్నగా ఉంటుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, కొంత ఎండనూ చలినీ ఓర్చుకుంటుంది. యూడ్రిలస్ యూజీనియే ఆఫ్రికా నుంచి వచ్చింది. లావుగా, పొడవుగా ఉండి వేగంగా తింటుంది. 25 నుంచి 30 డిగ్రీలు దానికి అనుకూలం, చలి పడదు. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ మన ప్రాంతాలదే. వేడికీ తడికీ అలవాటు పడింది గానీ, కాస్త ఇబ్బంది కలిగితే చాలు, రాత్రికి రాత్రి మూకుమ్మడిగా డబ్బా దాటిపోతుంది. అమ్మేవాళ్లు ఇచ్చే సంచిలో తరచూ రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. కొత్తవాళ్లకు ఆ కలగూరగంపే మంచిది, ఇంటి వాతావరణానికి ఏది నిలిస్తే అది పెరుగుతుంది.

మరిది: ఒకదాన్ని రెండు ముక్కలు చేస్తే రెండవుతాయని చిన్నప్పుడు విన్నాం. అలాగైతే నాలుగు కొంటే చాలు.

వదిన: రెండు ముక్కలు చేస్తే మామూలుగా రెండూ పోతాయి. బాగుంటే తల వైపుది బతికి తోక పెంచుకుంటుంది, అంతే. వాటి సంతతికి నీ కత్తి అక్కర్లేదు. ప్రతి వానపాములోనూ ఆడా మగా రెండూ ఉంటాయి. రెండు జతకట్టి రెండూ గుడ్ల తిత్తులు పెడతాయి. ఆవగింజ కన్నా కాస్త పెద్దవిగా, పసుపుపచ్చగా కనిపిస్తాయి.

ఐసీనియా తిత్తి మూడు నాలుగు వారాల్లో పగిలి రెండు మూడు పిల్లలు బయటపడతాయి. అవి ఆరేడు వారాల్లో పెద్దవవుతాయి. చోటూ మేతా ఎంతవరకు సరిపోతే అంతవరకే సంఖ్య పెరిగి, అక్కడ ఆగుతుంది. పెట్టె వానపాములతో నిండి ఇల్లంతా పాకుతాయన్న భయం అనవసరం.

పెట్టె లోతు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే ఈ జాతులు పైపైనే తిరుగుతాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 లోతున్న క్రేటు సరైన కొలత. 20 లీటర్ల పెయింట్ బకెట్ వాడేవాళ్లున్నారు. అది ఇరుకు, లోతు ఎక్కువ, అడుగున నీరు నిలుస్తుంది. అడుగునా పక్కలా సన్నటి రంధ్రాలు వేయాలి. అడుగు రంధ్రాలు నీరు కారడానికి, పక్క రంధ్రాలు గాలికి. వానపాములు చర్మంతో ఊపిరి తీసుకుంటాయి. ఆ చర్మం ఆరిపోయినా, నీళ్లలో మునిగి గాలి అందకపోయినా చస్తాయి. వెలుతురు వాటికి పడదు కాబట్టి పారదర్శకమైన డబ్బాలు వద్దు. కింద ఒక పళ్లెం, పైన తడి గోనెపట్టా, దాని మీద దోమతెర గుడ్డ కట్టిన మూత.

లోపల మొదట పరుపు వేయాలి. కొబ్బరి పొట్టు, చింపిన అట్టపెట్టెలు, ఎండుటాకులు, వరిగడ్డి ముక్కలు, వీటిలో దొరికినవి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగి పిండాలి. దినపత్రిక కాగితాలు పనికొస్తాయి. ఆదివారం అనుబంధాల నున్నటి రంగు కాగితం పనికిరాదు. ఈ పరుపులో మూడో వంతు దాకా చివికిన పశువుల పేడ కలపాలి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పచ్చి పేడ వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది. 35 డిగ్రీలు దాటితే పెట్టెలోని వానపాములకు ప్రాణాపాయం. పేడను నీడలో పోసి, తడుపుతూ రెండు మూడు వారాలు మాగనిచ్చాక, చేయి పెట్టి చూస్తే చల్లగా తగలాలి. నట్టల మందు తాగించిన పశువు పేడను కొన్నాళ్లు వాడకూడదు. కోళ్ల ఎరువు అసలే వద్దు, అమ్మోనియా చాలా ఎక్కువ.

మరిది: నగరంలో పేడెక్కడ దొరుకుతుంది వదినా? ఆన్‌లైన్‌లో పిడకలు అమ్ముతున్నారు, నానబెట్టమంటారా?

వదిన: నానబెట్టినా తప్పేం లేదు. నర్సరీలో చివికిన ఎరువు సంచులుంటాయి, అంతకన్నా తేలిక. పేడ అసలే లేకపోతే పాత పెట్టె ఉన్నవాళ్ల దగ్గర నాలుగు దోసిళ్ల ఎరువు అడిగి తెచ్చుకో. అందులోనే సూక్ష్మజీవులూ వస్తాయి, గుడ్లూ వస్తాయి.

పరుపును తడిపి గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే నీళ్లెక్కువ, చేయి పొడిగా ఉంటే తక్కువ. ఇలా సిద్ధం చేసి ఓ వారం ఉంచి, వేడెక్కడం లేదని చూసుకున్నాక వానపాముల్ని పైన పరవాలి. అవే లోపలికి దిగుతాయి. మొదటి రాత్రి కొన్ని గోడలెక్కి పారిపోజూస్తాయి. పెట్టె దగ్గర దీపం వేసి ఉంచితే వెలుతురుకు జడిసి లోపలే ఉంటాయి. రెండు మూడు రాత్రుల తర్వాత కూడా ఎక్కుతూనే ఉంటే పరుపులో ఏదో పడలేదని అర్థం. సాధారణంగా అది వేడి, అమ్మోనియా లేదా ఉప్పు.

ఇక మేత. సంవాదం వేడెక్కేది ఇక్కడే, ఎందుకంటే మరిది లెక్కలు తెలిసినవాడు.

మరిది: పావుకిలో వానపాములు కొన్నాం. రోజుకు వాటి బరువులో సగం తింటాయంటారు. అంటే 125 గ్రాములు. మా ఇంట్లో తడి చెత్త రోజుకు 700 గ్రాములు. మిగిలిన 575 గ్రాములు మళ్లీ బండికే కదా? అలాంటప్పుడు ఈ తతంగం దేనికి?

వదిన: ఆ 125 కూడా మొదట్లో తినవు. సగానికి సగం వేసుకో, 60 గ్రాములు. నీ లెక్క తప్పు కాదు శేఖరూ. ఆ లెక్క వేసుకోకుండా మొదటి రోజే 700 గ్రాములూ కుమ్మరించేవాళ్లది తప్పు.

లెక్క ఇంకోలా చూసినా అక్కడికే వస్తుంది. అమెరికాలోని మిషిగన్‌కు చెందిన మేరీ ఆపెల్‌హాఫ్ 1982లో ‘వర్మ్స్ ఈట్ మై గార్బేజ్’ అనే పుస్తకం రాసింది. ఇంటి వానపాముల పెట్టెకు అంతటా ప్రచారం తెచ్చింది ఆ పుస్తకమే. చదరపు అడుగు ఉపరితలానికి వారానికి ఒక పౌండు, అంటే అరకిలోకు కాస్త తక్కువ చెత్త అని ఆమె కొలమానం. పైన చెప్పిన క్రేటు ఉపరితలం సుమారు రెండున్నర చదరపు అడుగులు. వారానికి కిలో పైచిలుకు, రోజుకు 160, 170 గ్రాములు. మన వెచ్చటి వాతావరణంలో పని కొంత వేగంగా సాగవచ్చు గానీ, మరిది ఇంటి చెత్తంతా తీరాలంటే అలాంటి క్రేట్లు నాలుగు కావాలి. రెండు గదుల ఫ్లాటులో అది కుదరని మాట. ఒక్క పెట్టె పెట్టుకున్నవాళ్లు తడి చెత్తలో నాలుగో వంతుకు మాత్రమే దారి చూపగలరు. మిగతాది బండికివ్వడంలో చిన్నతనమేమీ లేదు. వానపాముల పెట్టెను చెత్తబుట్టలా కాక పాడి పశువులా చూడాలి. ఇంట్లో ఎంత మిగిలిందన్నది దానికి అనవసరం, అదెంత తినగలదన్నదే లెక్క. కొత్త పెట్టెల్లో చాలామట్టుకు చచ్చేది ఆకలితో కాదు, అతిగా వేయడంతోనే.

కాబట్టి ఏరి వేయాలి. కూరగాయల చెక్కులు, బెండకాయ ముచికలు, తోటకూర కాడలు, అరటి తొక్కలు, కర్బూజా తొక్కలు, వాడిన టీ పిప్పి, కాఫీ పిప్పి మంచి మేత. ముక్కలు చిన్నవిగా చేస్తే త్వరగా మెత్తబడతాయి. వేసిన ప్రతిసారీ పరుపు కొద్దిగా తొలగించి, అక్కడ పెట్టి, మళ్లీ రెండంగుళాల మందాన కప్పాలి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. వేసినది మాయమయ్యాకే మళ్లీ వేయాలి. ఒక్కోసారి ఒక్కో మూల వేస్తే ఏది తిన్నాయో తెలుస్తుంది.

తెలుగు వంటింట్లో జాగ్రత్తపడాల్సింది పులుపు, ఉప్పు, నూనెల దగ్గర. మేతలో ఉప్పు అర శాతం మించితే వానపాములకు పడదు. ఆవకాయ గిన్నె కడిగిన నీళ్లు, మజ్జిగ మిరపకాయల అడుగులు, చారు పిప్పి దూరంగా పెట్టాలి. చింతపండు పిప్పి, నిమ్మ చెక్కలు కొంచెమైతే ఇబ్బంది లేదు; రోజూ పులిహోర వండే ఇంట్లో మాత్రం అవి పెట్టెను పుల్లబరుస్తాయి. నూనె ముక్కల చుట్టూ పొరలా పట్టి గాలి అందనివ్వదు. మిగిలిన అన్నం గుప్పెడు ఫరవాలేదు గానీ, గిన్నెడు పోస్తే ముద్దకట్టి పులిసి వేడెక్కుతుంది. చేపలు, మాంసం, పాలు, పెరుగు ఎలుకల్ని పిలుస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పొట్టు కొద్దిగా వేయొచ్చు. మామిడి టెంక వేస్తే హాని లేదు, వచ్చే ఏడు కూడా అది అక్కడే ఉంటుంది. కుక్క, పిల్లి విసర్జన వేయకూడదు. పెట్టె వేడెక్కదు కాబట్టి అందులోని క్రిములు చచ్చాయన్న భరోసా లేదు.

మరిది: వాసన సంగతి చెప్పరేం? నాలుగో అంతస్తు వాళ్లు ఫిర్యాదు చేస్తే సంఘంలో నేనే జవాబివ్వాలి.

వదిన: సరిగ్గా ఉన్న పెట్టె వాన పడిన మట్టి వాసనే వేస్తుంది. కుళ్లు వాసన వస్తే మేత ఎక్కువైందనో నీళ్లు ఎక్కువయ్యాయనో అర్థం. వారం రోజులు మేత ఆపి, పొడి అట్టముక్కలు కలిపి, మెల్లగా కదిలించు. అమ్మోనియా ఘాటు వస్తే పచ్చి సరుకు ఎక్కువైనట్టు, ఎండుటాకులు వెయ్యి.

పెట్టెలో చేరే ఇతర జీవులన్నీ శత్రువులు కావు. పళ్ల ఈగలు మేతను పైనే వదిలేస్తే వస్తాయి, కప్పెడితే తగ్గుతాయి. సన్నటి దారాల్లాంటి తెల్ల పురుగులు వానపాము పిల్లలు కావు, హాని చేయవు, పులుపు పెరిగిందని మాత్రం చెబుతాయి. చిటికెడు గుడ్డు పెంకుల పొడి చల్లితే సరి. వానాకాలంలో లావుగా, బూడిద రంగులో, చురుగ్గా కదిలే పురుగులు కనిపిస్తే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. చూడ్డానికి జుగుప్సగా ఉంటాయి గానీ చెత్తను వానపాముల కన్నా వేగంగా తింటాయి. వాటి రద్దీతో పెట్టె వేడెక్కుతుంది, అదొక్కటే చిక్కు. చీమలు చేరితే పెట్టె ఎండిందని గుర్తు. పెట్టెను స్టాండు మీద ఉంచి, దాని కాళ్ల కింద నీటి గిన్నెలు పెడితే ఎక్కలేవు. ఆ గిన్నెల్లో దోమలు పెరుగుతాయని మరిది వెంటనే పట్టుకున్నాడు. డెంగీ దోమకు ఆ పాటి నీరు చాలు. వారానికోసారి నీళ్లు మార్చాలి, లేదా రెండు చుక్కల వంటనూనె వేయాలి. జెర్రులు మాత్రం వానపాముల్నే తింటాయి, కనబడితే ఏరేయాలి.

మరిది: ఏప్రిల్, మే సంగతేంటి? మా బాల్కనీలో మధ్యాహ్నం 42 డిగ్రీలుంటుంది. మీ వానపాములు 35కే పోతాయన్నారు.

మరిది అభ్యంతరాల్లో జవాబు చెప్పడం కష్టమైనది ఇదే. హైదరాబాద్ ఎండ పొడి ఎండ. తడి గోనెపట్టా కప్పి రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లితే ఆవిరితో పాటు వేడీ పోయి, లోపల బయటి కన్నా కొన్ని డిగ్రీలు తక్కువ ఉంటుంది. ప్లాస్టిక్ బదులు మట్టి తొట్టి వాడితే ఇంకా మేలు. కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి అంతగా లేవదు. విశాఖపట్నంలో గోనెపట్టా ఉపాయం హైదరాబాద్‌లో పనిచేసినంతగా పనిచేయదు. అక్కడ నీడే దిక్కు. ఉత్తరం వైపు వసారా, మెట్ల కింద జాగా, వాష్ ఏరియా మూల చూసుకోవాలి. వేసవి రెండు నెలలూ మేత సగానికి తగ్గించాలి, ఎందుకంటే కుళ్లే చెత్త తానూ వేడి పుట్టిస్తుంది. పడమటి ఎండ నేరుగా పడే బాల్కనీ తప్ప వేరే చోటు లేని ఇంట్లో పెట్టె పెట్టవద్దనడమే నిజాయితీ. వదిన కూడా చివరికి ఈ మాట ఒప్పుకుంది, అయిష్టంగానే.

ఊరెళ్లినా వానపాములకేమీ కాదు. పరుపు తడిగా ఉండి, వెళ్లేముందు కొంచెం మేతా, చారెడు అట్టముక్కలూ వేస్తే రెండు మూడు వారాలు ఉండగలవు, పరుపునే తింటాయి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి, రోజూ మేత వేయమని చెప్పడమే ప్రమాదం.

రెండు, రెండున్నర నెలలకు పరుపు ఆనవాలు పోయి, నల్లటి గుళికల పొడి తయారవుతుంది. తీయబోయే ముందు నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, పాలిథిన్ పట్టా మీద వెలుతురులో చిన్న చిన్న కుప్పలుగా పోయాలి. వానపాములు అడుగుకు దిగుతాయి. పైపైది తీసి, కాసేపు ఆగి, మళ్లీ తీస్తూ పోతే చివరికి వానపాముల ముద్ద మిగులుతుంది. అది కొత్త పరుపులోకి. ఎరువును సన్న జల్లెడ పట్టి నీడలో ఉంచాలి, పూర్తిగా ఎండనివ్వకూడదు. గోధుమ రంగులో పళ్లెంలోకి కారే నీరు మొక్కలకు పోషకంగా వాడే వర్మీవాష్ ద్రవం కాదు, చెత్త ఊట మాత్రమే. పదింతల నీళ్లు కలిపి పూలమొక్కల మొదట్లో పోయవచ్చు, పచ్చిగా తినే ఆకుకూరల మీద మాత్రం చల్లరాదు.

మరిది: ఇంత చేసి వచ్చేది రెండున్నర నెలలకు మూడు కిలోలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టులో నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. అంతే ఉందనుకున్నా 30 గ్రాముల నత్రజని. యూరియాలో 46 శాతం. 65 గ్రాముల యూరియాతో సమానం. దాని ధర ఎంతో మీకూ తెలుసు.

వదిన: యూరియా మట్టిని గుల్ల చేస్తుందా? నీళ్లు పట్టి ఉంచుతుందా? కుండీలో మట్టి ఏడాది తిరిగేసరికి గట్టిపడిపోతుంది. అందుకు వేస్తాం దీన్ని.

నత్రజని లెక్కలో మరిది గెలిచినట్టే. వర్మీకంపోస్టును యూరియాకు బదులుగా అమ్మేవాళ్లు చెప్పే మాటలు ఆ లెక్కకు నిలవవు. దాని విలువ సేంద్రియ పదార్థంలో, నీటిని పట్టి ఉంచే గుణంలో, మొక్కకు మెల్లగా అందే పోషకాల్లో ఉంది. అవి కుండీ మట్టికి ఎక్కువగా, ఎకరాల పొలానికి తక్కువగా లెక్కకు వస్తాయి. కుండీ మిశ్రమంలో 10 నుంచి 20 శాతం కలిపితే చాలు. ఎరువు ఒక్కదానిలోనే నారు పోస్తే లవణాలు ఎక్కువై మొలకలు దెబ్బతింటాయి. పెట్టె వేడెక్కదు కాబట్టి గింజలు బతికే ఉంటాయి. ఎరువు వేసిన ప్రతి కుండీలో టమాటా, మిరప, గుమ్మడి మొలకలు లేస్తాయి. వదిన వాటిని లాభంలో రాసుకుంటుంది, మరిది కలుపు కింద జమకడతాడు.

మరిది: ఆరు నెలలకు విసుగొస్తే? పార్కులో వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతాయి కదా.

వదిన: వద్దు. ఉత్త మట్టిలో వాటికి తిండి దొరకదు, చస్తాయి. పేడకుప్ప ఉన్నవాళ్లకివ్వు, లేదా పెట్టె పెట్టాలనుకునే ఇంకొకరికివ్వు. కొనక్కర్లేకుండా వాళ్లకు కలిసొస్తుంది.

విదేశాల్లో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు హిమానీనదాలు కప్పిన మిన్నెసోటా వంటి ప్రాంతాల అడవుల్లో స్థానిక వానపాములే లేవు. చేపల ఎరలుగా, మొక్కల వేళ్ల మట్టితో వెళ్లిన యూరప్, ఆసియా రకాలు అక్కడి ఆకుల పరుపును తినేసి, దాని మీద ఆధారపడిన మొలకలకు చోటు లేకుండా చేశాయి. అక్కడ పెట్టె పెట్టుకునే తెలుగువాళ్లు ఏ జాతిని కొంటున్నారో అడిగి తెలుసుకోవాలి. అడవికి దగ్గరగా ఉన్న తోటలో ఎరువు వేయాలంటే, ముందుగా వారం రోజులు ఫ్రీజర్‌లో గట్టిగా గడ్డకట్టించి, అందులో మిగిలిన వానపాములూ గుడ్లూ చచ్చాక వేయమని అక్కడి సలహా.